ఏడో రూము వాటా

2 మే 2021, ఆదివారం

ఏప్రిల్ ఇరవై మూడు, శుక్రవారం. మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

ఆరున్నరకు లేచాను. జ్వరం లేదు. నా ఐసొలేషన్‌లో అది తొమ్మిదో రోజు. సంధ్య ఆసుపత్రిలో చేరి ఆరో రోజు. ఎనిమిదింటికి వార్డుకు ఫోన్ చేస్తే ఆక్సిజన్ ఎనభై ఆరు అన్నారు. ముందురోజు కంటే రెండు తక్కువ. ఉప్మా చేసుకుని సగం తిన్నాను. పదింటికి ఆమె తమ్ముడు పరమేశ్వర్ జోల్వా నుంచి ఫోన్ చేసి ఇంజెక్షన్ దొరకలేదన్నాడు.

పన్నెండూ ఏడు నిమిషాలకు ఆమె ఫోన్ నుంచి వీడియో కాల్ వచ్చింది. ఫోన్ నర్సు పట్టుకుంది. "బాత్ కర్ లో భాయ్, జల్దీ" అంది. మాస్కు, ఒక కన్ను, దిండు అంచు కనిపించి బొమ్మ ఆగిపోయింది. మాట ముక్కలుగా వచ్చింది. "ఇనవడుతుందా" అంది. కాసేపటికి "గది కాదు" అంది. చివర్లో "నువ్వు" అంది. మధ్యలో ఏమందో తెలియదు. "వినపడటం లేదు, మళ్ళీ చెప్పు" అని నేను చాలాసార్లు అన్నాను. కాల్ నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. దక్కిన మాటలు నాలుగు.

అదే సమయంలో గోడ అవతల ఎనిమిదో రూములో ఫోన్లో ఎవరో చిన్నపిల్ల నవ్వుతోంది. ఆ నవ్వు ఎక్కడా తెగలేదు.

నాలుగూ పదికి వార్డు నుంచి ఫోన్. నన్ను రానివ్వలేదు. కార్పొరేషన్ బండి తీసుకెళ్ళింది. పరమేశ్వర్ శ్మశానం గేటు దాకా వెళ్ళి టోకెన్ నంబరు రాసుకొచ్చాడు.

అంతే.

3 మే

పదకొండో రోజు. తాపీ నది ఒడ్డున నలుగురమే. పరమేశ్వర్ ఆసుపత్రి వాళ్ళిచ్చిన పాలిథిన్ సంచి తెచ్చాడు. లోపల ఆమె ఫోను, చార్జరు, గాజులు. పైన పడక నంబరు. విప్పలేదు. బియ్యం డబ్బా మీద పెట్టాను.

4 మే

లైను చూడాలి.

5 మే

ఏది చెడినా ముందు ఉన్నది ఉన్నట్టు రాయాలని ఆఫీసులో చెబుతారు. రాస్తున్నాను.

అమ్రోలిలో ఈ బిల్డింగు. పన్నెండు రూములు, ఒకటే లైను, ముప్పై ఎంబీ. మెట్ల కింద చెక్కపెట్టెలో పాత కంప్యూటరు, అందులో లైనక్స్. బయటి తీగ దానిలోకి వస్తుంది, అక్కడి నుంచి రూములకు పోతుంది. ఏ రూముకు ఎంత పోవాలో అది పంచుతుంది. పోయిన ఏడాది లాక్‌డౌన్‌లో నేనే పెట్టాను. అంతకుముందు ఒకడు సినిమా పెడితే పదకొండు రూములు ఆగిపోయేవి.

వాటాలు పాళీల ప్రకారం. మగ్గాల మీద పగటి పాళీకి పోయినవాళ్ళ రూము పగలు ఖాళీ. దాని వాటా పగలు తక్కువ, రాత్రి ఎక్కువ. రాత్రి పాళీ వాళ్ళది దానికి తిరగేసి. ఇక్కడ మంచాలు కూడా అలాగే పంచుకుంటారు. ఒకడు లేచిన చోట ఇంకొకడు పడుకుంటాడు. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి పెట్టె దానంతటదే వాటాలు మార్చుకుంటుంది. నెలకోసారి పాళీలు మారినప్పుడు మాత్రం పాళీల ఫైలు చేత్తో మార్చాలి. ఆ పని సంధ్య చేసేది. ఎవరిది ఏ పాళీయో నాకు తెలియదు. ఆమెకు పన్నెండు రూముల సంగతీ తెలుసు.

మాది ఏడో రూము. మాకు పాళీలు లేవు. నేను ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీలో కంప్యూటర్ సెక్షనుకు, ఆమె చీరల ప్యాకింగుకు. తొమ్మిదికి తాళం వేస్తే ఆరున్నరకు తీసేవాళ్ళం. అయినా పగలు మా రూముకు రెండు ఎంబీ రాశాను. వీడియో కాల్‌కు అది చాలు. నాకు బాగా గుర్తు.

ఈరోజు పెట్టె మీదనే స్పీడు చూశాను. ఇరవై తొమ్మిది పాయింట్ నాలుగు. కంపెనీ మనిషికి ఫోన్ చేశాను.

"లైన్ తో ఏక్‌దమ్ బరాబర్ హై, మహేశ్‌భాయ్. ఆప్ అప్నా అందర్ దేఖో." లోపం మా లోపలే చూసుకోమన్నాడు.

6 మే

డ్యూటీలో చేరాను. సాయంత్రం ఎనిమిదింటికి రూములో స్పీడు పదకొండు. ఏ లోపమూ లేదు. మరి ఆ ఒక్క గంటే ఎందుకు చెడింది?

నాకు ఎవరి మీదా అనుమానం లేదు. కారణం తెలిస్తే చాలు.

7 మే

మూడో రూము లస్మయ్య మెట్ల దగ్గర ఆపాడు.

"మహేశన్నా, నెట్ ఉల్టా అయింది. నేను డ్యూటీకి పోంగనే జోరుగ ఉరుకుతదంట. ఇంటికి రాంగనే పండుకుంటది, నా లెక్కనే."

ముప్పయ్యో తారీఖున పాళీలు మారాయి. ఫైలు మార్చే మనిషి లేదు. చూస్తానన్నాను. మార్చలేదు. ముందు కారణం దొరకాలి. ఫైలు ముట్టుకుంటే ఆధారం చెరిగిపోతుంది.

9 మే, ఆదివారం

ఆ రోజు తర్వాత పగటిపూట రూములో నెట్ చూడటం ఇదే మొదలు.

పన్నెండింటికి రూములో కొలిచాను. పావు ఎంబీ. ఆఫీసు ఫోన్‌కు నా ఫోన్ నుంచి వీడియో కాల్ చేసి చూశాను. నా ముఖమే ఆగిపోయింది, నోరు తెరిచి. గోడ అవతల పిల్ల నవ్వు.

సాయంత్రం ఏడు దాటాక మళ్ళీ పదకొండు.

ఇన్నాళ్ళూ తప్పుచోట, తప్పువేళ కొలిచాను. పెట్టె మీద కొలిస్తే పెట్టె కోసే వాటా కనిపించదు. సాయంత్రం కొలిస్తే పగలు కనిపించదు.

పెట్టెలో వాటాలు పంచే టీసీ కమాండుతో రూముల వారీ లెక్క తీశాను. ఏడో రూము, పగలు: గరిష్ఠం పావు ఎంబీ. ఒక్క గంటలో పారేసిన ప్యాకెట్లు నాలుగు వేల పైన. ఎనిమిదో రూము, పగలు: గరిష్ఠం ఆరు ఎంబీ, పారేసినవి సున్నా. మిగతావి నేను రాసినట్టే ఉన్నాయి.

పావు ఎంబీ నేను రాయలేదు. ఎవరో మాది కోసి పక్కవాళ్ళకు పోశారు.

10 మే

గరిష్ఠాలు రాసి ఉండే వాటాల ఫైలు చివరిసారి మారింది మార్చి పద్నాలుగు, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి. ఆ వేళకు నేను బండి సర్వీసింగుకు వెళ్ళి ఉన్నాను. మార్పు ఒక ఫోన్ నుంచి జరిగింది. ఆ ఫోన్ వైఫై గుర్తు నంబరు చివర 4సి.

పాస్‌వర్డు తెలిసింది నాకు, సంధ్యకు, పెట్టె బిగించిన రోజు సాయపడిన పరమేశ్వర్‌కు. చెక్కపెట్టె తలుపు లోపల చీటీ మీద కూడా రాసి ఉంది, అంటే ఎవరైనా చూసి ఉండొచ్చు. సంధ్యను లెక్కలోంచి తీసేశాను. ఆమె ముట్టుకునేది పాళీల ఫైలు ఒక్కటే.

పరమేశ్వర్‌కు ఫోన్ చేశాను.

"మార్చి పద్నాలుగున ఇంటికి వచ్చావా?"

"ఎందుకు బావా?"

"వచ్చావా లేదా?"

"యాదికి లేదు. ఏమైంది?"

"నీ ఫోన్లో సెట్టింగ్స్ తెరువు. వైఫై గుర్తు నంబరు చదువు."

వెనక మగ్గాల చప్పుడు.

"బావా, మా అక్క పోయి పదిహేడు దినాలైంది. తిన్నవా అని నువ్వు నన్ను అడుగలే, నేను నిన్ను అడుగలే. ఇయ్యాల ఫోన్ జేసి నంబరు చదువుమంటున్నవ్. నేనేం జేసిన్ననుకుంటున్నవ్?"

"చదువు."

చదివాడు. 4సి కాదు. పెట్టేశాడు.

సరిగానే చదివాడో లేదో.

12 మే

సోమలింగం, ఎనిమిదో రూము, సారక్క మొగుడు. ఈ నెల రాత్రి పాళీ. సాయంత్రం డ్యూటీకి దిగుతుంటే మెట్ల దగ్గర ఆపాను.

"మెట్ల కింది పెట్టె ఎప్పుడైనా ముట్టుకున్నావా?"

"ఏ పెట్టె అన్నా? నెట్‌దా? నేనా! మగ్గం మీద పోగు తెగితే అతుకుత. గండ్ల ఏం తెగుతదో నాకేం ఎర్క?"

"మీ రూముకు ఆరు ఎంబీ పోతోంది. మాకు పావు."

"ఎంబీ అంటే కిలోల లెక్కనా, లీటర్ల లెక్కనా సోమలింగం?" అని లస్మయ్య పై మెట్టు మీంచి నవ్వాడు. "ఆరు తాగి గింత బక్కగున్నవేంది?"

"ఫోన్ ఇలా ఇవ్వు" అన్నాను.

నవ్వు ఆగింది.

"సదువుకున్నోనివి అన్నా. వదిన పోయిన రంధిల ఉన్నవని ఊకుంటున్న. దొంగను పట్టినట్టు మెట్ల మీద ఫోనడుగుతవా?" అన్నాడు సోమలింగం. అయినా ఇచ్చాడు. చూశాను. 4సి కాదు. ఫోన్ తీసుకుని అంగీకి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళింట్లో ఇంకో ఫోన్ ఉంది.

13 మే

పొద్దున పెట్టె తెరిచి ఎనిమిదో రూము గరిష్ఠం చాలా తగ్గించాను. మాటయితే పోతుంది, బొమ్మ పోదు. పరీక్ష కోసమే. తప్పు చేసినవాళ్ళయితే వచ్చి అడగరు. తప్పు లేకపోతే అడుగుతారు.

14 మే

ఎవరూ అడగలేదు.

15 మే

అడగలేదు.

16 మే, ఆదివారం

మధ్యాహ్నం ఇంట్లోనే ఉన్నాను. గోడ అవతల నవ్వు లేదు. "సంతూ... సంతూ... ఇగో అమ్మ" అని సారక్క గొంతు పదిసార్లు వినిపించింది. తర్వాత అదీ లేదు.

ఎవరూ అడగలేదు.

18 మే

తుఫాను గాలి. నిన్న రాత్రి నుంచి కరెంటు పోతూ వస్తూ ఉంది. ఎదురు బిల్డింగు రేకులు లేచిపోయాయి. పెట్టె ఆగి మళ్ళీ మొదలైంది. ఎనిమిదో రూముకు నేను పెట్టిన కోత పోయింది, ఎందుకంటే దాన్ని అప్పటికప్పుడు కొట్టానే కాని ఫైలులో రాయలేదు. పాత ఆరు ఎంబీ తిరిగొచ్చింది.

మళ్ళీ పెట్టాను. ఈసారి ఫైలులోనే రాశాను. ఆధారం చెరగకుండా పాత ఫైలు నకలు తీసి పక్కన పెట్టాను. అంటే ఫైలు ముట్టుకోవచ్చన్నమాట. లస్మయ్య వాళ్ళ పాళీలు మాత్రం ఇంకా మార్చలేదు.

పరీక్ష పూర్తి కాలేదు.

20 మే

సాయంత్రం సారక్క వచ్చింది. గడప అవతలే నిలబడింది. వేళ్ళకు దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి. ఇంట్లో కూర్చుని చీరల దారాలు కత్తిరిస్తుంది.

"అన్నా, నెట్ జర చూడరాదుండ్రి. వారం దినాలాయె, పొల్ల కనవడుతలేదు."

"ఏ పొల్ల?"

"మా సంతోషి. మూడేండ్లు. పోయినేడు లాక్‌డౌన్ల మా అత్త వెంకటవ్వ దగ్గరికి పంపినం ఊరికి. పన్నెండింటికి ఫోన్ల నేను కనవడితేనే అన్నం తింటది. ఇటు నేనో బుక్క, అటు అదో బుక్క. ఇప్పుడు బొమ్మ రాకపాయె. అమ్మ సచ్చిపోయిందా అని అడుగుతుందంట. ఊళ్ళె మస్తుమంది పోతున్రు గద, అది ఇంటది. అన్నం ముడుతలేదు."

"కంపెనీ లైను. తుఫానుకు చెడింది" అన్నాను.

అబద్ధం ఇంత సులువుగా వస్తుందని తెలియదు.

"తుఫానుకంటె ముందుగాలనే పోయింది అన్నా" అంది. వెళ్ళలేదు. కొంగుతో వేళ్ళ దారం తీసుకుంటూ నిలబడింది. "సంధ్యక్క ఉన్నప్పుడు మంచిగొస్తుండె. అక్కనే మాకు పెంచింది. అక్క పోయినంక నిన్నెట్ల అడుగుతమని ఊకున్న. మా ఆయనకు సుత తెల్వది."

"సంధ్య పెంచిందా?"

"అవునన్నా. ఒక ఐతారం నాడు. ఫోన్లనే ఏందో కొట్టింది."

తలుపు వేశాను.

మొగుణ్ణి కాపాడుకోవడానికి చనిపోయినవాళ్ళ పేరు చెబుతోంది. చనిపోయినవాళ్ళు వచ్చి కాదనరు కదా.

21 మే

సారక్క ఊరికి పోతోందని లస్మయ్య చెప్పాడు. ఎల్లుండి పదింటికి బస్సు. తెలంగాణలో లాక్‌డౌన్, బస్సు బార్డరు దాకానే పోతుంది. అక్కడి నుంచి లారీయో, నడకో.

"ఎండల గంత దూరం ఎట్ల పోతదో! బార్డర్ల పోలీసులు ఎన్కకు కొట్టినా కొడ్తరు" అన్నాడు. "సోమలింగం వద్దన్నడు. ఇంటలేదు. పొల్ల నీళ్ళు తప్ప ఏం ముడుతలేదంట."

రూములోకి వచ్చేశాను.

ఆమె చెప్పింది అబద్ధమని తేల్చడం కష్టమేమీ కాదు. బియ్యం డబ్బా మీద ఉన్న సంచి విప్పి ఫోన్ గుర్తు చూస్తే సరి. చూడవలసిన అవసరం లేదు. నాకు తెలుసు.

22 మే, శనివారం

డ్యూటీ నుంచి వచ్చి సంచి విప్పాను.

గాజులు మూడే ఉన్నాయి. ఫోన్ చార్జింగుకు పెట్టి అరగంట ఎదురుచూశాను. తెరిచి సెట్టింగ్స్‌లోకి వెళ్ళాను.

4సి.

మూడుసార్లు చూశాను. తర్వాత వాట్సాప్‌లో సారక్కకు పంపినవి తీశాను. మార్చి పద్నాలుగు, పన్నెండూ నలభై ఆరు, సంధ్య వాయిస్ మెసేజి. ఇరవై రెండు సెకన్లు. ఎక్కడా తెగలేదు.

"సారక్కా, ఇప్పుడు చూడు, మంచిగ కనవడ్తది. మా రూముకు పగలు తాళమే గద, మాకెందుకు? మాది తగ్గించి మీది పెంచిన. ఒగరి డ్రమ్ము నిండాలంటె ఇంకొగరిది తగ్గాలె, మా ఆయన చెప్పిండు. నేను ముట్టిన్నని ఆయనకు చెప్పకు. ఎన్ని దినాలకు కనుక్కుంటడో చూద్దాం." చివర నవ్వింది.

ఒక్కసారే విన్నాను.

డ్రమ్ము మాట నాదే. పోయిన ఏడాది పెట్టె బిగించిన రోజు, వంట చేస్తూ ఆమె అడిగింది: "గిది ఎట్ల పంచుతది? జర చెప్పు."

"పన్నెండు డ్రమ్ములు, ఒక నల్లా. ఒకళ్ళకు పెంచాలంటే ఇంకొకళ్ళకు తగ్గించాలి."

"అంటే నల్లా కాడ పంచాయితీ లేకుండ చేసినవన్నమాట."

"అంతే."

అంతే కాదు. వాటాలు రెండు రకాలు. ఖాయంగా దక్కేది ఒకటి, గరిష్ఠంగా దక్కేది ఇంకొకటి. ఖాయం వాటాలు కలిపితే మొత్తం దాటకూడదు. డ్రమ్ము లెక్క దానికే. గరిష్ఠానికి ఆ లెక్క లేదు. మా రూముకు తాళం ఉన్నంతసేపూ మేము వాడని వాటా పక్కవాళ్ళకు దానంతటదే అరువుగా పోతుంది. మేము తిరిగొచ్చి అడిగిన క్షణంలో మాకు తిరిగి వస్తుంది. ఎనిమిదో రూము గరిష్ఠం పెంచితే చాలు. మాది తగ్గించనక్కర్లేదు. ఈ ముక్క చెప్పడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టేది. ఆకలిగా ఉందనో ఏమో, చెప్పలేదు. అడిగినదానికి సగం జవాబిచ్చి ఊరుకోవడం నాకు అలవాటు. ఆ సగంతోనే ఆమె పనిచేసింది. లెక్క తప్పలేదు. నేను చెప్పినట్టే చేసింది.

పగలు ఏడో రూములో మనిషి ఉంటాడని ఆమె అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఫోన్ గుర్తు చివర 4సి అని తెలిసిన పదో తారీఖునే ఆమె ఫోన్ చూసి ఉండాల్సింది. పరమేశ్వర్‌ను అడిగాను, సోమలింగాన్ని మెట్ల మీద నిలబెట్టాను, మూడేళ్ళ పిల్ల అన్నం ఆపాను. సంచి మాత్రం విప్పలేదు. తెలియక విప్పలేదని ఇక్కడ రాయబోయి ఆగాను.

ఆ నాలుగు నిమిషాల్లో ఆమె ఏమందో ఏ ఫైలులోనూ లేదు. పారేసిన ప్యాకెట్లను పెట్టె దాచుకోదు, లెక్కపెడుతుంది అంతే.

ఎనిమిదింటికి కిందికి వెళ్ళాను. పగటి వాటాలు రెండూ ఫైలులోనే రాసి, ఒకేసారి అమలు చేసి చూశాను. ఎనిమిదో రూముకు ఆరు, ఏడో రూముకు ఆరు. నా రూములో ఒక వీడియో, లస్మయ్య ఫోన్‌ను ఎనిమిదో రూము వైఫైకి కలిపించి ఇంకొకటి నడిపించాను. రెండూ ఆగలేదు. "గిప్పుడు మంచిగైంది గదన్నా, ఏం జేసినవ్?" అన్నాడు. "ముందే ఇలా ఉండాల్సింది" అన్నాను. ఒక్కో రూము పాళీ అతన్ని అడిగి ఆ ఫైలు కూడా మార్చాను. సంధ్య అయితే ఎవరినీ అడిగేది కాదు.

పరమేశ్వర్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. "తిన్నావా" అని మెసేజి పెట్టాను. చూశాడు.

పైకి వచ్చి ఎనిమిదో రూము తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల సారక్క సంచి జిప్పు లాగుతోంది, పట్టుకున్నట్టుంది, మళ్ళీ మళ్ళీ లాగుతోంది. సోమలింగం డ్యూటీకి పోయాడు. తలుపు కొట్టలేదు. ఇద్దరూ ఉన్నప్పుడు చెప్పాలని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే కావచ్చు. భయం కూడా కావచ్చు.

రేపు ఆదివారం. ఏడుంబావుకు సోమలింగం పాళీ దిగి వస్తాడు. అతను పడుకోకముందే వెళ్ళి, పది రోజులుగా వాళ్ళ లైను కోసింది కంపెనీ కాదు, తుఫాను కాదు, నేనని ఇద్దరి ముందూ చెబుతాను. అతను కొడితే కొట్టనిస్తాను. అక్కడే కూర్చుని సారక్క చేత ఊరికి ఫోన్ చేయిస్తాను. పిల్ల అన్నం తిన్నా సరే ఆమె వెళ్తానంటే, బస్సు దాకా సామాను నేను మోస్తాను.